ఆన్ కాదు, విత్

"నాలో లోపమేటి?"

కొట్టు గుమ్మంలో నిలబడి రామతులసి గారు అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, కుశలప్రశ్న లేదు. తడిసిన గొడుగు చంకలో ఉంది, ఫోను చేతిలో ఉంది, కోపం ముక్కు మీద ఉంది.

గల్లాపెట్టె వెనక కూర్చున్న ఇంద్రజ గభాల్న లేచింది. "మీలో లోపమేటి పిన్నిగారూ? ముందు కూర్సోండి. మంచినీళ్ళు తెస్తాను."

"కూర్సోను. లోపమేటో తేలినాకే కూర్సుంటాను. మొన్న నీ దగ్గర సగం రేటుకి సీర కొన్నానా లేదా? ఇప్పుడు మా తోటికోడలు ఛత్రపురం నుంచి ఫోను సేసి అడుగుతంది. ఏటక్కా, లోపాలున్న ఆడోళ్ళకి సీరలు సగానికే ఇస్తన్నారంట, నువ్వెల్లి తెచ్చుకున్నావంట గదా అని! మీ తాత కాలం నుంచి ఈ కొట్టుకే వస్తన్నాం. ఈ మాట పడ్డానికేనా?"

ఇంద్రజకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రామతులసి గారు ఫోను ఆమె ముఖానికి అడ్డంగా పెట్టారు.

ఫోనులో ఎవరో కుర్రాడు. కళ్ళజోడు, చేతిలో మార్కరు, వెనక తెల్లబోర్డు. ఆ బోర్డు మీద ఇంద్రజ సొంతంగా కూర్చుకున్న ప్రకటన. 'శారీస్ ఫర్ లేడీస్ విత్ స్మాల్ డిఫెక్ట్స్, ఎట్ హాఫ్ రేట్.'

"చూడండి ఫ్రెండ్స్, ఈ చీరలు ఎవరికి? చిన్న చిన్న లోపాలున్న ఆడవాళ్ళకి! లోపం చిన్నదైతే సగం రేటు. మరి పెద్ద లోపాలుంటే ఫ్రీగా ఇస్తారేమో, వెళ్ళి అడగండి!"

క్లాసంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు వింటుంటే ఇంద్రజ చెవులు వేడెక్కిపోయాయి.

పాపం, కొట్టు పేరు మీద నల్లగా పూశాడు మహానుభావుడు. ఏం లాభం? బోర్డు పక్కన అంటించిన కరపత్రంలో కొట్టు గుర్తుగా వేసిన కుంభం అంచు బొమ్మ అలాగే ఉంది. ఆ బొమ్మ ఈ కొట్టు సంచుల మీద బరంపురం బడాబజారంతా చూసి చూసి అరిగిపోయిన బొమ్మ. పేరు పూసేసి ముఖం వదిలేసినట్టయింది.

ఇంద్రజ బాధ తెలియాలంటే సంగతి కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఆ కొట్టు గల్లా దగ్గర ఇంతవరకు ఆడపిల్ల కూర్చోలేదు. నేను కూర్చుంటాను అని ఇంద్రజ పట్టుపట్టింది. తండ్రి వెంకటరమణమూర్తి గారు ఒక షరతు పెట్టారు. వెనక గదిలో చీరలు పేరుకుపోయాయి. ఒకదానికి అంచు దగ్గర పోగు తప్పింది, ఇంకోదానికి రంగు ఒకచోట పలచబడింది. దసరాలోపు వాటిని అమ్మి చూపిస్తే గల్లా ఇంద్రజది. లేకపోతే ఆయన తమ్ముడి కొడుకు హేమచంద్రది. అందుకే ఇంద్రజ సగం ధర పెట్టింది. ఒడియా వాళ్ళూ తెలుగు వాళ్ళూ మార్వాడీలూ అందరూ చదువుతారని ఇంగ్లీషులో రాసింది. కరపత్రాలు పంచింది, గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టింది. చీరలు కదలడం మొదలుపెట్టాయి కూడా. సరిగ్గా ఇప్పుడే ఈ కళ్ళజోడు దాపురించింది.

"అక్కా, నేను అప్పుడే అన్నాను, ఇంగ్లీషొద్దు అని" అన్నాడు హేమచంద్ర, పళ్ళన్నీ బయటపెట్టి. వాడు అనలేదు. ఆ ప్రకటన చదివి సూపర్ అన్నవాడు వాడే.

వెంకటరమణమూర్తి గారు లోపలి నుంచి వచ్చారు. వీడియో చూశారు. రామతులసి గారికి రెండు చేతులూ జోడించారు. ఆవిడ వెళ్ళాక నెమ్మదిగా అన్నారు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఊరు నవ్వుతున్నాదని మాత్రం తెల్సు. హేమా, నువ్వు గల్లా దగ్గర కూర్సో. ఇంద్రా, నువ్వు లోపల మడతలు సూడు."

"షరతు దసరా దాకా కదా నాన్నా!"

"షరతు సీరలు అమ్మమని. పరువు అమ్మమని కాదు."

ఇంద్రజ మడతల వైపు వెళ్ళలేదు. గొడుగు తీసుకుంది. ఆ కళ్ళజోడు ఎక్కడుంటాడో వీడియో కిందే అడ్రసు ఉంది.

*

కోర్టుపేటలో ఒక మందుల షాపు మీద మేడగది. మెట్లు తడిసి జారుతున్నాయి. ఇంద్రజ జారలేదు. కోపంగా ఉన్నప్పుడు ఆమె అడుగు ఎప్పుడూ తప్పదు.

"ఇక్కడ కిషోర్ అంటే ఎవరు?"

క్లాసు ఆగిపోయింది. ఉద్యోగాల కోసం తిరిగే కుర్రాళ్ళు, ఇంటర్వ్యూలకు తయారయ్యే అమ్మాయిలు అందరూ వెనక్కి తిరిగారు.

"నేనేనండీ" అన్నాడు అతను. "డెమో క్లాసుకా?"

"డెమో ఇవ్వడానికే వచ్చాను. లోపాలున్న ఆడోళ్ళని నువ్వెప్పుడైనా సూశావా? ఇదిగో, సూడు. ఆ కరపత్రం రాసింది నేనే."

అతను గబగబా ముందుకొచ్చాడు. "అయ్యో. నేను షాపు పేరు దాచేశానండీ!"

"బరంపురంలో కుంభం బొమ్మ పెట్టి పేరు దాస్తే దాగుతాదేటి? మా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషీ నాలో ఏటి లోపం అని అడుగుతంది. మీ నవ్వులకి నా గల్లా పోయింది. తెల్సా మీకు?"

"సారీ అండీ. నిజంగా సారీ." ఫోను తీసి అక్కడికక్కడే వీడియో తీసేశాడు. "డిలీట్ చేశాను. చూడండి."

"ఊరంతా పంచుకున్నాక తీసేస్తే ఏటి లాభం? అసలు అందులో తప్పేటి? చీరలు అని ఉంది. ఆడోళ్ళు అని ఉంది. చిన్న లోపాలు అని ఉంది. అన్నీ ఉన్నాయి కదా?"

అక్కడ అతను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ మాస్టారు మాస్టారే. మార్కరు చేతిలోకి వచ్చేసింది.

"అన్నీ ఉన్నాయండీ. చోటే తప్పింది. విత్ స్మాల్ డిఫెక్ట్స్, ఇదొక ప్రిపొజిషనల్ ఫ్రేజ్. విత్, ఇన్, ఆన్, ఫర్ లాంటి చిన్న మాట ముందుండి, వెనక ఒక పేరుని లాక్కొస్తాది. ఈ ఫ్రేజులకి ఒక గుణం ఉంది. పక్కన ఎవరుంటే వాళ్ళకి అతుక్కుపోతాయి. మీరు దాన్ని లేడీస్ పక్కన పెట్టారు, లేడీస్‌కి అతుక్కుంది. శారీస్ పక్కన పెట్టుంటే ఏ గొడవా లేదు."

"మనసుంటే చీరలకే అతుక్కుంటాది. నవ్వాలని సూసేవోళ్ళకి ఆడోళ్ళకి అతుక్కుంటాది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంద్రజ గిర్రున తిరిగి గుమ్మం వైపు నడిచింది. గుమ్మం పక్కన గోడ మీద తెలుగులో అతని బోర్డు ఉంది. చదివింది. ఆగింది. మళ్ళీ చదివింది.

'ఇంగ్లీషు రాని టీచర్ల పిల్లలకు ఫీజులో ప్రత్యేక తగ్గింపు.'

"మాస్టారూ" అంది తీయగా. "ఇంగ్లీషు రానిది టీచర్లకా, పిల్లలకా? ఊళ్ళో టీచర్లు ఇది సదివినారా ఇంకా?"

కిషోర్ బోర్డు వైపు చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. ఇంద్రజ మెట్లు దిగిపోయింది. ఆ రోజు మొత్తంలో ఆమెకు దొరికిన సుఖం అదొక్కటే.

ఆ సుఖమైనా సాయంత్రం దాకా నిలవలేదు. లోపల మడతలు పెడుతుంటే గల్లా దగ్గర హేమచంద్ర కూనిరాగం వినబడింది. ఒళ్ళు మండిపోయింది. కిషోర్ నంబరు బోర్డు మీద చూసిందే, గుర్తుంది. ఇంగ్లీషులోనే తిడదామనుకుని మెసేజ్ కొట్టింది. 'ఐ యామ్ వెరీ యాంగ్రీ ఆన్ యు.'

వెంటనే జవాబు వచ్చింది. 'ఆన్ కాదండీ, విత్. యాంగ్రీ విత్ యు. వన్స్ ఎగైన్ సారీ.'

మీరే చెప్పండి. ఒక మనిషి కడుపు మండి తిడితే, ఆ తిట్టు దిద్ది వెనక్కి పంపే మనిషిని ఏం చేయాలి? ఇంద్రజ ఫోను చీరల గుట్ట మీదకి విసిరింది. చీరలు మెత్తనివి కాబట్టి ఫోను బతికింది.

*

మర్నాడు ఇంద్రజ మళ్ళీ ఆ మెట్లు ఎక్కింది. గుమ్మం పక్కన బోర్డు లేదు. తీసిన మేకులు మాత్రం ఉన్నాయి.

"నవ్వినోడి దగ్గరే నేర్సుకుంటాను" అంది. "నేర్సుకుని మీ నోరు మూయిస్తాను. ఫీజెంత?"

"మీకు ఫీజొద్దండీ. తప్పు నాది."

"ఫీజు ఇస్తాను. మీ ఉచితం నాకక్కర్లేదు."

వెనక బెంచీలో, ఆర్యపల్లి నుంచి బస్సులో వచ్చే రేష్మ పక్కన కూర్చుంది. రేష్మ నాన్న పడవ మీద చేపల వేటకి వెళ్తాడు, రేష్మ బ్యాంకులోకి వెళ్దామనుకుంటోంది. అందుకే కిషోర్ ఉదాహరణల్లో సగం చేపలే.

"ద ఫిష్, ఫ్రమ్ ఆర్యపల్లి, ఇన్ ద బాస్కెట్, ఆన్ ద సైకిల్. దీన్ని తెలుగులో సెప్పండి."

"సైకిలు మీద బుట్టలో ఆర్యపల్లి చేప" అంది రేష్మ.

"చూశారా? పూర్తిగా తిరగబడింది. ఇంగ్లీషులో చేప ముందొచ్చేసింది. దాని ఊరూ బుట్టా సైకిలూ వెనక తోకలాగ వచ్చాయి. మనకి సైకిలు ముందు, చేప ఆఖర్న. చిన్న మాటలు కూడా అంతే. వాళ్ళు ఆన్ ముందు పెట్టి సైకిల్ అంటారు. మనం సైకిలు అన్నాక మీద అంటాం."

"అంటే మనం చేప కోసం ఆగుతాం" అంది ఇంద్రజ వెనకనుంచి. "వాళ్ళకి ఆగే ఓపిక లేదు. ముందు చేప పట్టుకుని, తర్వాత ఊరడుగుతారు."

క్లాసు నవ్వింది. ఈసారి ఇంద్రజ మీద కాదు. కిషోర్ మార్కరు మూత పెట్టడం మర్చిపోయి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇంద్రజ కనుబొమ్మలు ముడిచి కిటికీ వైపు తిరిగింది. కిటికీలో వాన తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు చూసింది.

మరో రోజు భావాల పాఠం. అఫ్రెయిడ్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్, యాంగ్రీ విత్ అని రాశాడు. ఆ పాఠాలన్నీ వీడియోలుగా పెడతాడు కాబట్టి మూలన ఫోను రికార్డు చేస్తోంది. కింద ఇంకొకటి రాశాడు. లవ్ ఫర్. అది రాసేటప్పుడు వెనక బెంచీ వైపు అసలు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"డౌటు" అంది ఇంద్రజ. "యాంగ్రీ విత్ ఎందుకు? కోపం మనిషి మీద ఉంటాది. ప్రేమ కూడా మనిషి మీదే. ఒడియాలో అయినా ఉపరే అంటారు, మీదే. విత్ అంటే తోడు కదా? పక్కన కూర్సుని ఎవరైనా కోప్పడతారా?"

"అది... అలాగే అంటారండీ."

"ఎందుకు?"

"రూలు అంతే."

"తెల్దని సెప్పండి మాస్టారూ, సరిపోతాది."

"తెల్దు" అన్నాడు కిషోర్. ఒప్పుకున్నాడు కదా అని వదిలేయాలి. ఇంద్రజ వదల్లేదు. క్లాసయ్యాక కింద పానీపూరీ బండి దగ్గర గుప్‌చుప్ తింటూ కూడా అడిగింది. అతను కారం ఎక్కువై కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. వాన మొదలైంది. గొడుగు ఆమెదొక్కటే. అతను తడుస్తూ నిలబడ్డాడు. గొడుగు కొంచెం అటు జరిపింది, కొంచెమే. జరిపినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంట్లో ఇంకో వింత. మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకటరమణమూర్తి గారు ఫోను మంచినీళ్ళ చెంబుకి ఆనించి కిషోర్ వీడియోలు చూస్తున్నారు.

"మీరెందుకు సూడ్డం నాన్నా?"

"మళ్ళీ మన మీద ఏటైనా కూస్తాడేమోనని కాపలా కాస్తన్నానమ్మా. నాకు ఇంగ్లీషు వచ్చేటి?"

*

దసరా దగ్గరపడింది. చీరలు వెనక గదిలో అలాగే ఉన్నాయి. హేమచంద్ర గల్లా దగ్గర కూర్చుని ఫోనులో ఆటలాడుకుంటున్నాడు. వచ్చిన వాళ్ళు కూడా గుమ్మం దగ్గర ఆగి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుని వెళ్ళిపోతున్నారు.

ఆ రోజు కిషోర్ అందర్నీ ఒక వాక్యం రాయమన్నాడు. రెండు విత్‌లు ఉండాలి, ఏదీ తప్పు మనిషికి అతుక్కోకూడదు. ఇంద్రజ పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది. రామతులసి గారి ముఖం గుర్తొచ్చింది. నాలో లోపమేటి అన్న గొంతు గుర్తొచ్చింది. ఏ లోపమూ లేదు పిన్నిగారూ, అని ఆ రోజు చెప్పి ఉండాల్సింది. ఆ మాటే రాసింది. లేచి చదివింది.

"శారీస్ విత్ స్మాల్ డిఫెక్ట్స్, ఫర్ లేడీస్ విత్ నన్."

చిన్న లోపాలున్న చీరలు, ఏ లోపమూ లేని ఆడవాళ్ళకి.

అందరూ మనసులో మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత రేష్మ బెంచీ మీద చరిచింది. అందరూ చరిచారు. కిషోర్ ఆ వాక్యం బోర్డు మీద రాశాడు. దిద్దలేదు. దిద్దడానికి ఏమైనా ఉందేమోనని మాత్రం రెండుసార్లు చూశాడు, అలవాటు మరి.

ఇంద్రజ తండ్రిని బతిమాలి, హేమచంద్ర గొణుగుడు దాటి, కొత్త ఫ్లెక్సీ కట్టించింది. పైన ఇంగ్లీషు, కింద ఒడియా, ఆ కింద తెలుగు. మొదట ఒకళ్ళిద్దరు ఆగారు. చదివి నవ్వారు. ఈసారి లోపలికి వచ్చారు. సాయంత్రానికి గుమ్మంలో చెప్పులు పట్టలేదు. రామతులసి గారు ఛత్రపురం తోటికోడల్ని వెంటేసుకొచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి, ఒక్కో మాటా వేలితో చూపించి చదివించారు.

"నన్ అంటే ఎవరో తెల్సా? నేను" అన్నారు.

వెనక గది ఖాళీ అయిపోయింది. ఇంద్రజ చేతులు నొప్పి పుట్టేదాకా చీరలు విప్పి చూపించింది. గల్లా దగ్గర మాత్రం హేమచంద్ర కూర్చున్నాడు, నవ్వుతూ, అదంతా తన పెళ్ళి రిసెప్షన్ అయినట్టు.

మర్నాడు కిషోర్ ఫ్లెక్సీ మీద వీడియో పెట్టాడు. ఊరంతా చూసింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకటరమణమూర్తి గారు తృప్తిగా తల ఊపారు.

"మాస్టారు మంచోడమ్మా. తప్పు దిద్దుకున్నాడు. ఎంత బాగా రాసిచ్చాడు! దసరాకి పంచెలచాపు పెడదాం."

ఇంద్రజ ముద్ద కంచంలో పెట్టేసింది. "ఎవరు రాసిచ్చారు?"

"మాస్టారే కదేటి? హేమ సెప్పాడు. వీడియోలో కూడా ఉంది, విను."

చెంబుకి ఆనించిన ఫోనులో కిషోర్ నవ్వుతూ అంటున్నాడు. "ఫ్రెండ్స్, ఈ అద్భుతమైన వాక్యం మన క్లాసులో రాసింది!"

అంతే. అక్కడితో సరి.

"మరి గల్లా?" అంది ఇంద్రజ.

"హేమ బాగానే సూస్తన్నాడు కదమ్మా."

ఇంద్రజ చెయ్యి కడుక్కుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు అది, ఒట్టి మంట. తొలిసారి తప్పు రాస్తే రాసింది తానే అని ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు ఒప్పు రాస్తే రాసిందెవరో సొంత తండ్రికే తెలియదు.

*

"ఇన్ ఉంది. బై ఎక్కడ?"

క్లాసు మధ్యలో వచ్చి ఇంద్రజ వేసిన కేక అది. కిషోర్ చేతిలో మార్కరు కింద పడింది.

"ఏటండీ?"

"మన క్లాసులో రాసింది అన్నారు. ఇన్ అవర్ క్లాస్. ఎక్కడ రాసిందో సెప్పారు, ఎవరు రాసిందో సెప్పలేదు. మీరే కదా ఫ్రేజులు పక్కనున్నోళ్ళకి అతుక్కుంటాయని సెప్పింది? ఆ వాక్యం పక్కన ఎవరున్నారు? మీరున్నారు! మీకే అతుక్కుంది. మా నాన్న మీకు పంచెలచాపు పెడతారంట. నా గల్లా మా తమ్ముడికి పెడతారంట!"

కిషోర్ వంగి మార్కరు తీసుకున్నాడు. "మీ పేరు కావాలనే చెప్పలేదండీ. మొదటి వీడియోతో మిమ్మల్ని ఊళ్ళో అంత ఇబ్బంది పెట్టాను కదా. మళ్ళీ ఒక ఆడపిల్ల పేరు అందులోకి లాగడం ఎందుకని..."

"ఇబ్బందిలో పేరు లేకపోయినా నా పేరే అని అందరికీ తెల్సింది. మెచ్చుకోలులో పేరు లేకపోతే ఎవడికీ తెల్దు. మీ మర్యాద నాకేం పని చేసింది? మీరు నవ్వినప్పుడూ పోయింది నాదే, మీరు మెచ్చుకున్నప్పుడూ పోయింది నాదే!"

కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. "ఐ యామ్ యాంగ్రీ" అంది, ఆగింది. "ఏదైనా పెట్టుకోండి. ఆన్ పెట్టుకుంటారో విత్ పెట్టుకుంటారో మీ ఇష్టం."

వానలో గొడుగు కూడా తెరవకుండా నడిచింది. కొట్టు దాకా ఒకటే ఆలోచన. ఎవరో వచ్చి చెబితే తప్ప నాది నాది కాదా?

కొట్టులోకి వెళ్ళి నేరుగా గల్లా ముందు నిలబడింది. "హేమా, లే."

"ఏటక్కా, పెదనాన్న సెప్పాడు కదా..."

"లే అన్నాను. పోగు తప్పిన చీరలు అమ్మమన్నారు, అమ్మాను. ఆ మాట రాసింది నేను. మొదటి తప్పు రాసింది కూడా నేనే. రెండూ నావే. ఇది కూడా నాదే."

లోపల మడతలు పెడుతున్న వెంకటరమణమూర్తి గారు గుమ్మం దాకా వచ్చారు. హేమచంద్ర ఆయన వైపు చూశాడు. అదే సమయానికి తడిసి ముద్దయి కిషోర్ పరుగెత్తుకొచ్చాడు. కళ్ళజోడు మీద నీళ్ళు. ఎవరెక్కడున్నారో కూడా కనబడక గుమ్మం పక్కన నిలబెట్టిన చీరకట్టిన బొమ్మకి నమస్కారం పెట్టి, కంగారులో ఒడియాలో మొదలుపెట్టాడు.

"ఆగ్యా... బాబుగారూ, ఆ ఫ్లెక్సీ..."

"నిజం సెప్పు బాబూ. ఎవరు రాశారు?" అన్నారు వెంకటరమణమూర్తి గారు.

"మీ అమ్మాయి రాశారండీ. ఒక్క అక్షరం నాది కాదు. మధ్యలో కామా కూడా ఆవిడదే. పేరు చెప్పకపోవడం నా తప్పు. దారిలో వస్తూ వస్తూ వీడియో మార్చేశాను." ఫోను తీసి పట్టుకున్నాడు. ఈసారి వీడియోలో వాక్యం కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బై ఇంద్రజ.

వెంకటరమణమూర్తి గారు ఫోను చూశారు. కూతుర్ని చూశారు. చివరికి హేమచంద్రని చూశారు. ఆ చూపుకి హేమచంద్ర కుర్చీ దానంతట అదే వెనక్కి జరిగింది.

"నాకు మాస్టారు రాశారని సెప్పింది ఎవర్రా?"

"క్లాసులో అంటే... సార్ అనుకున్నాను పెదనాన్నా."

"ఎల్లి మడతలు సూడు." తర్వాత ఇంద్రజతో అన్నారు. "కూర్సోమ్మా. తప్పు రాస్తే లేపాను, ఒప్పు రాస్తే అడగనైనా లేదు. తప్పు నాదే." ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం కష్టమైంది. అని, గబగబా లోపలికి వెళ్ళిపోయారు.

ఇంద్రజ గల్లా వెనక కూర్చుంది. చెక్క చల్లగా, నున్నగా ఉంది. ఎదురుగా కిషోర్ చినుకులు కారుస్తూ నిలబడ్డాడు.

"ఇంకా కోపమేనా? నా మీద?"

"మీద కాదు కదా మాస్టారూ? విత్ కదా?"

"విత్తే. ఎందుకో ఆ రోజు తెల్దన్నాను. ఇప్పుడు వానలో పరుగెడుతుంటే తెల్సింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తడి చొక్కాతో తుడిస్తే ఏం పోతుంది? మళ్ళీ పెట్టుకున్నాడు. "మీద అయితే కోపం మన మీద పడేసి మనిషి ఎల్లిపోవచ్చండీ. విత్ అయితే ఎల్లిపోడానికి లేదు. కోప్పడాలన్నా పక్కనే ఉండాల. మీరు కోపంగా ఉన్నన్నాళ్ళూ రోజూ మా క్లాసుకి వచ్చారు. ఇప్పుడు మీ గల్లా మీకొచ్చేసింది. కోపం తీరిపోతే రారేమోనని... భయంగా ఉంది."

"అఫ్రెయిడ్ ఆఫా, అఫ్రెయిడ్ విత్తా?"

"ఆఫ్" అన్నాడు చిన్నగా.

వాన గుమ్మం ముందు ఫ్లెక్సీ మీద దబదబా కొడుతోంది. ఇంద్రజ గల్లాపెట్టె మూత తీసింది, వేసింది. మళ్ళీ తీసింది. ఈ మనిషి నవ్వాడు, గల్లా పోగొట్టాడు, తిట్టు దిద్దాడు, పేరు దాచాడు. ఇప్పుడొచ్చి భయంగా ఉందంటున్నాడు. ఎంత అన్యాయం! ఇంత కోపంలో కూడా ఆ తడి ముఖం చూస్తే తనకెందుకు నవ్వొస్తోంది?

"రాసుకోండి" అంది, కోపంగానే. "ఐ హావ్ లవ్ ఆన్ యు. ఊఁ, దిద్దండి మరి!"

కిషోర్ నోరు తెరిచాడు. అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"దిద్దడానికేం లేదండీ" అన్నాడు. "బాగుంది."

"ఆన్ కాదేమోనమ్మా" అని లోపలి గదిలోంచి గొంతు వినబడింది. "ఫర్ అనాల. మాస్టారు భావాల పాఠంలో సెప్పాడు కదా."

ఇద్దరూ రాళ్ళయిపోయారు. వెంకటరమణమూర్తి గారు సగం మడతపెట్టిన చీరతో గుమ్మంలోకి వచ్చారు.

"మీకు ఇంగ్లీషు రాదన్నారు కదా నాన్నా!"

"రాదమ్మా. ఫర్ వరకే వచ్చింది." ఆయన కిషోర్ వైపు తిరిగారు. "తడిసిపోయినావు బాబూ. అమ్మా, మాస్టారికి తువ్వాలు ఇవ్వు. ఆదివారం మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా. పలాస వైపు వాళ్ళన్నావు కదూ వీడియోలో?"

ఇంద్రజకు ఒళ్ళు భగ్గుమంది. జన్మలో మొదటిసారి నోరు తెరిచి ఒక మాట చెబితే, తండ్రి దాన్ని దిద్దడమా? దిద్దాల్సినవాడు తల ఊపుతూ ఫర్ కరెక్టే బాబుగారూ అనడమా? తువ్వాలు తీసి కిషోర్ ముఖం మీద విసిరింది.

"ఆన్ అనే ఉంటాది! అది నేను రాసిన వాక్యం. ఎవ్వరూ ఒక్క అక్షరం ముట్టుకోడానికి వీల్లేదు!"

కిషోర్ తువ్వాలు ముఖం మీంచి తీశాడు.

"బై ఇంద్రజ" అన్నాడు.